నాలుగో నంబరు రాయి

సెప్టెంబరు 26, శుక్రవారం

కాపర్ వైరు కంపెనీ వాళ్లు మా ఆయన భానుచందర్‌కు ఇచ్చిన డైరీ ఇది. హసన్‌పర్తిలో మా మోటార్ వైండింగ్ షాపులో జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఎవరితోనూ అనలేనివి ఎక్కడో ఒకచోట అనుకోవాలి కాబట్టి ఈరోజు బ్యాగులో వేసుకున్నాను.

యూనివర్సిటీకి దసరా సెలవులకు ముందు చివరి రోజు. ల్యాబ్‌లో ఆయుధపూజ చేశాం. అటెండరు ఎల్లస్వామి లేజర్‌కూ మైక్రోస్కోప్‌కూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. కొబ్బరికాయ మాత్రం వరండాలోనే కొట్టాలని మా గైడ్ రాజేశ్వర్ రావు సార్ ఆర్డర్. ఆప్టికల్ టేబుల్ మీద కొబ్బరినీళ్లు పడితే మా అందరి చదువులూ అక్కడితో సరి. సాంపిల్ డబ్బాకూ, ట్వీజర్లకూ బొట్టు ప్రతి ఏడూ నేనే పెడతాను. ఆరేళ్లుగా ఆ ట్వీజర్లతోనే బతుకుతున్నాను, వాటిని ఇంకొకరి చేతికి ఎందుకివ్వాలి.

ఈసారి పూజలో అందరి కళ్లూ మానస మీదే. ల్యాబ్‌లో చేరి ఏడాది అయింది. వరంగల్‌లో వాళ్ల నాన్నకు బట్టల షాపు, కాబట్టి పట్టుచీరకేం కొదువ. సార్ నవ్వుతూ "మానసా, హారతి నువ్వియ్యమ్మా" అన్నారు. ఆరేళ్లుగా హారతి ఇస్తున్నది నేను. సార్‌కు గుర్తు లేదేమో. పళ్లెం నా చేతిలోనే ఉంది, నవ్వుతూ అందించాను.

ఈ పిల్ల చేరిన మొదటి రోజే నన్ను "అక్కా" అంది. అడగలేదు, ఆలోచించలేదు. ఐదేళ్ల సీనియర్‌ని, మేడం అంటే నోరు నొప్పి పుడుతుందా? ఎల్లస్వామి నన్ను మేడం అంటాడు, ఆమెను బిడ్డా అంటాడు. అదీ నాకు నచ్చదు. అవును, నాకేదీ నచ్చదు.

అక్టోబరు 6, సోమవారం

సెలవులు అయిపోయాయి. పొద్దున వెళ్లగానే యాసిటోన్‌లో ముంచిన టిష్యూతో ట్వీజర్లు, సాంపిల్ డబ్బా, మైక్రోస్కోప్ కింద రాయి పెట్టే స్టేజీ అన్నీ తుడిచాను. నాలుగో నంబరు రాయిని కూడా తుడిచి మానసకు ఇచ్చాను. ఆసిడ్‌తో మరిగించి కడగాలి నిజానికి. ఆసిడ్ పొగ లాగేసే ఫ్యాను ఆగస్టు నుంచి రిపేరులో ఉంది, ఎవరిని అడిగినా వస్తాడు వస్తాడు అంటారు.

నాలుగో నంబరు మా ల్యాబ్‌లో ఉన్నవాటిలో మంచి వజ్రం. వజ్రమంటే ఉంగరంలో పెట్టేది కాదు, పెసరబద్దంత లేత పసుపు పలక. సార్ దాన్ని మానసకు ఇచ్చారు. నాకు రెండో నంబరు. అంచు విరిగింది.

మధ్యాహ్నం ఎల్లస్వామి ఆమెను అడుగుతున్నాడు: "బిడ్డా, గీ రాయిల మీరు రోజంత ఏం సూత్తాండ్రు?"

మానస పని ఆపి స్టూలు జరుపుకొని కూర్చుంది. "వజ్రం అంటే అంత కార్బనే గద కాక. గోడల ఇటుకల లెక్క వరుసగ ఉంటయి. అండ్ల ఒక ఇటుక నైట్రోజన్‌ది పడ్డదనుకో, దాని పక్కన ఒక ఇటుక మొత్తానికే లేదనుకో. ఆ ఖాళీ మీద పచ్చ లేజర్ కొడితే అది ఎర్రగ వెలుగుతది. అసొంటి ఖాళీ ఒక్కటి ఉన్నా మనకు కనబడతది."

"అంటే రాయి ఖరాబైన జాగనే మీకు కావాల్నా?"

"ఖరాబైన జాగనే కాక. మంచిగున్న జాగల ఏం లేదు."

ఎల్లస్వామి ఎంత మురిసిపోయాడో. ఆరేళ్లలో నన్ను ఒక్కసారీ అడగలేదు. అడిగితే నేను చెప్పేదాన్ని కానా? ఇంతకంటే బాగా చెప్పేదాన్ని. ఆ ఖాళీకి మైక్రోవేవ్ తగిలితే వెలుగు ఒక్క పిసరు తగ్గుతుందనీ, ఆ తగ్గుదలతో అయస్కాంతాన్ని కొలవవచ్చనీ చెప్పేదాన్ని. ఆ పిసరు తగ్గుదలే నా ఆరేళ్లు. ఒక పేపర్ వచ్చింది. డిసెంబరు 31తో నా రిజిస్ట్రేషన్ అయిపోతుంది, రెండో పేపర్ లేకపోతే థీసిస్ తీసుకోరు.

అక్టోబరు 8, బుధవారం

మానసకు ఒక కొత్త శిఖరం వచ్చింది.

నాలుగో నంబరు రాయి వెలుగు గ్రాఫులో, 590 నానోమీటర్ల దగ్గర. మా నైట్రోజన్ ఖాళీ వెలుగు 637 దగ్గర మొదలై ఎరుపు వైపు సాగుతుంది. దానికి ముందు, ఎవరూ చూడని చోట, ఏనుగు వీపంత గ్రాఫు లేచింది. సార్ కుర్చీలోంచి లేచారు. సార్ కుర్చీలోంచి లేవడం నేను ఇంతవరకూ చూడలేదు.

"కొత్త కలర్ సెంటరేమో అమ్మా, మనకెరుక లేని కొత్త ఖాళీ! ఇట్ల ఎవ్వలూ రిపోర్ట్ చెయ్యలె. వినోదా, నువ్వు చూసినవా?"

చూశాను సార్.

"ఏడాదిలనే!" అన్నారు. ఆమెతో కాదు, నాతో అన్నారు.

అక్టోబరు 9

590. ఇంటికొచ్చినా అదే అంకె. నా కండ్లమంట ఎవరికీ కనబడకూడదని రెండుసార్లు వంటింట్లో ముఖం కడుక్కున్నాను.

అక్టోబరు 11, శనివారం

ఆమె రాత ఇది, నా రాత ఇది అనుకుందామంటే కుదరడం లేదు. రాతను నేను నమ్మను కదా. పొద్దున తొమ్మిదికి వెళ్తే ఆమె ఎనిమిదిన్నరకే వచ్చి ఉంటుంది. తప్పు వెతుకుదామంటే ఆమె ల్యాబ్ పుస్తకంలో దస్తూరి కూడా ముత్యాల్లా ఉంది.

టీ వచ్చింది. ఎప్పటిలాగే తన గ్లాసులోంచి సగం నా ఫ్లాస్కు మూతలో పోసింది. "నీకు షుగర్ తక్కువ గద అక్కా, నేను తక్కువేయుమన్న." ఎవరు అడిగారు?

అక్టోబరు 13, సోమవారం

దొరికింది.

మానస లైబ్రరీకి వెళ్లింది. రెండో నంబరు రాయి పెట్టుకుని నా పని నేను చేసుకుంటున్నాను. లైట్లు ఆర్పి కళ్లకు నారింజ గాగుల్స్ పెట్టుకున్నాను. అవి పచ్చ లేజర్ వెలుగును ఆపేస్తాయి, మిగతావి కనబడతాయి. లెన్సు దగ్గర ఎక్కడో పచ్చ కిరణం చెదిరి మైక్రోస్కోప్ పక్క మీద పడుతోంది. అక్కడ ఎల్లస్వామి దసరాకు పెట్టిన బొట్టు ఉంది.

అది నిప్పులా వెలుగుతోంది.

గాగుల్స్ తీశాను, పెట్టాను. చెయ్యి అడ్డం పెట్టాను, బొట్టు ఆరిపోయింది. చెయ్యి తీశాను, వెలిగింది. పసుపు, సున్నం కలిపి ఇంట్లో చేసుకున్న కుంకుమ ఇట్లా మెరవదు. బజారు కుంకుమలో కలిపే గులాబీ రంగు డై మెరుస్తుంది. ఆ డై నారింజ రంగులో వెలుగుతుందని ఎమ్మెస్సీలోనే ప్రాక్టికల్ చేశాం.

పూజ సామాను డ్రాయర్లోంచి కుంకుమ పొట్లం తీసి, చిటికెడు గాజు పలక మీద యాసిటోన్‌తో కలిపి ఆరబెట్టి, స్టేజీ మీద పెట్టి స్పెక్ట్రమ్ తీశాను. 590. ఏనుగు వీపు. మానస గ్రాఫు మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

యాసిటోన్‌లో డై కరుగుతుంది. తుడిస్తే పోదు, పలచగా పాకుతుంది. రాయి మీదికి అలాగే పాకింది.

ఫైలు సేవ్ చేశాను. అలవాటు.

ఆనందంగా ఉంది. ఇంత ఆనందం నాకు పేపర్ వచ్చిన రోజు కూడా లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటుంటే పక్కావిడ జరిగి కూర్చుంది.

అక్టోబరు 14

చెప్పలేదు. ఈరోజు చెబుదామనే వెళ్లాను, కానీ ఆమె చాలా బిజీగా ఉంది.

అసలు ఇది తనే కనిపెట్టాలి. రీసెర్చ్ అంటే అదే. నా మొదటి ఏడాదిలో నాకు ఎవరు చెప్పారు? నా తప్పులు నేనే వెతుక్కున్నాను. ఇప్పుడు చెబితే ఆమెకు నేర్చుకునే అవకాశం పోతుంది. వారం చూద్దాం.

పైగా ఇదంతా ఎల్లస్వామి పెట్టిన బొట్టు వల్ల.

అక్టోబరు 17, శుక్రవారం

మానస దగ్గరికొచ్చింది. "అక్కా, లేజర్ పది నిమిషాలు ఒక్క దగ్గర్నే కొడితే సిగ్నల్ సగానికి పడిపోతాంది. ఎందుకంటవ్?"

వజ్రంలో ఖాళీ వాడిపోదు. ఏళ్ల తరబడి లేజర్ కొట్టినా అలాగే వెలుగుతుంది. వాడిపోయేది రంగు. ఎండలో వేసిన చీర ఎందుకు వెలిసిపోతుందో బట్టల షాపు పిల్లకు నేను చెప్పాలా?

"నీకేమనిపిస్తాంది?" అన్నాను. గురువు స్థానంలో ఉన్నవాళ్లు ఎదురు ప్రశ్న వేయాలి.

"ఛార్జ్ మారుతాందేమో అక్కా. ఒక ఎలక్ట్రాన్ పోయి వెలగకుంట డార్క్ స్టేట్ అయితాందేమో."

"కావొచ్చు" అన్నాను. అది అబద్ధం కాదు. కావొచ్చు అన్నాను అంతే.

అక్టోబరు 20, దీపావళి

సాయంత్రం మానస స్కూటీ మీద హసన్‌పర్తి దాకా వచ్చింది. వాళ్లమ్మ శకుంతల గారు చేసిన గరిజెల డబ్బా ఇచ్చి వెళ్లింది. ఈయన మూడు తిని, "మంచి పిల్ల. నీ గురించే చెప్తాంది, అక్క లేకపోతే నాకు లేజర్ అలైన్ చేసుడే రాకపోతుండె అని" అన్నాడు.

"నీకు గరిజెలు ఇస్తే అందరూ మంచోళ్లే" అన్నాను.

భానుచందర్ నా ముఖం చూసి డబ్బా మూత పెట్టేశాడు. నేను ఒక్కటీ తినలేదు. తర్వాత తిన్నాను. బాగున్నాయి, ఆ కోపం వేరే.

అక్టోబరు 24, శుక్రవారం

సార్ మానస టాపిక్ మారుస్తున్నారు. నవంబరు 12న రీసెర్చ్ కమిటీ. అందులో ఆమె థీసిస్ టైటిల్ ఖాయమవుతుంది: వజ్రంలో కొత్త కలర్ సెంటర్, 590 నానోమీటర్లు. ఒకసారి రిజిస్టర్ అయితే మళ్లీ మార్చడమంటే మూడు సంతకాలు, ఒక ఏడాది. ఇన్నాళ్లూ ఆమె చేసిన అయస్కాంతం పని పక్కన పెట్టేస్తారు.

నన్ను పిలిచి అడిగారు. "వినోదా, సీనియర్‌వి. ఏమంటవ్? ఐదేండ్లు దీని మీద పెట్టొచ్చంటవా?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. తలుపు మూసి ఉంది, మానస బయట ఉంది, సార్ అడిగారు.

"మంచిగనే ఉంది సార్" అన్నాను.

అక్టోబరు 25

మంచిగనే ఉంది అన్నాను. పెట్టొచ్చు అనలేదు. రెండింటికీ తేడా ఉంది.

అక్టోబరు 29

పొద్దుటి నుంచి వాన. రోడ్లు మునిగాయి, బస్సుల్లేవు. ల్యాబ్‌కు పోనవసరం లేదు. హాయిగా ఉంది.

నవంబరు 3, సోమవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సార్ గదికి పిలిచారు. మానస అక్కడే ఉంది, ముఖం వెలిగిపోతోంది. సార్ కంప్యూటర్ నా వైపు తిప్పారు. 2022 నాటి నా ఫైలు. రెండో నంబరు రాయి. 590 దగ్గర చిన్న గుట్ట. పక్కనే నా నోట్: "ఏమిటో తెలియదు, తర్వాత చూడాలి."

"పాత బ్యాకప్‌లు మొత్తం తీసి చూసిన సార్" అంది మానస. "వేరే రాయి, వేరే ఏడు, అదే శిఖరం. అంటే ఒక్క సాంపిల్‌ల పొరపాటు కాదు. అక్క మూడేండ్ల కిందనే చూసింది. గిది అక్కదే సార్. పేపర్‌ల అక్క పేరే ముందుండాలె."

సార్ తలూపారు. "న్యాయమే. వినోదా, డిసెంబరులోపు పంపిద్దాం. నీ రెండో పేపర్ అయిపోతది."

వరండాలోకి రాగానే మానస నా చెయ్యి పట్టుకుంది. "నీ రిజిస్ట్రేషన్ డేట్ నాకెరుకే అక్కా. రోజు అదే ఫికర్ నాకు. ఇగ నువ్వు బేఫికర్‌గ ఉండు."

ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. నేను ఏడ్చాను. ఆనందంతో అనుకుంది.

నవంబరు 4

నేనే ముందు చూశాను. మూడేళ్ల కింద. నా పేరు ముందు.

ప్రశాంతంగా ఆలోచిస్తే, కుంకుమకు 590 దగ్గర శిఖరం ఉన్నంత మాత్రాన రాయికి ఉండకూడదని ఎక్కడుంది? రెండు వేర్వేరు వస్తువులు ఒకేచోట వెలగవచ్చు. నా 2022 నాటి రాయి మీద కుంకుమ పడిందని ఎవరు చూశారు? అప్పుడు మానస లేదు, ఈ గొడవే లేదు. నేను తొందరపడి ఆ రోజు కుంకుమే అని తేల్చేసుకున్నాను. శాస్త్రవేత్త తొందరపడకూడదు.

సాయంత్రం పేపర్ మొదటి పేజీ రాయడం మొదలుపెట్టాను. బాగా వచ్చింది.

నవంబరు 6, గురువారం

2022 నాటి ఫైలు తేదీ చూశాను. మూడు రోజులుగా దాన్ని తెరుస్తున్నాను గానీ తేదీ వైపు చూడలేదు.

అక్టోబరు 11. ఆ ఏడు దసరా అక్టోబరు 5.

ఆ ఏడు కూడా ట్వీజర్లకు బొట్టు పెట్టింది నేనే.

నవంబరు 9, ఆదివారం

షాపులో కూర్చున్నాను, ఇంట్లో కూర్చోలేక. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి రైతు ఒకాయన, వెంకటయ్య అట, కాలిన బావి మోటారు ఆటోలో వేసుకుని వచ్చాడు. పోయిన నెల మేమే చుట్టి ఇచ్చాం. ఈయన విప్పి చూసి, "నీ కరెంటు తప్పు గాదు పెద్దాయనా, నాదే. సన్నం వైరు చుట్టిన. సాయంత్రం దాక కూసో, మల్ల చుట్టిస్త" అన్నాడు. ఆయన "గట్లనే అయితది తియ్ బిడ్డా" అని బీడీ ముట్టించుకున్నాడు. అంతే. అయిపోయింది. ఇద్దరూ టీ తాగారు.

నాకు నా మొగుడి మీద కూడా అసూయ కలిగింది. తప్పు నాదే అని నోరు తెరిచి, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

వెంకటయ్య మోటారు సాయంత్రానికి అయిపోతుంది. మానసకు ఐదేళ్లు పడుతుంది.

నవంబరు 10

రేపు చెబుతాను. ఎలా చెప్పాలో కూడా ఆలోచించాను. అక్టోబరు సంగతి ఎత్తనవసరం లేదు. గాగుల్స్ పెట్టుకున్నప్పుడు ఇప్పుడే బొట్టు కనబడినట్టు, అనుమానం వచ్చినట్టు, ఆమె ముందే కుంకుమ తీసి, ఆమె ముందే స్పెక్ట్రమ్ తీస్తాను. ఆమె థీసిస్ మిగులుతుంది. నా పేపర్ పోతుంది, పోనీ. పరువైనా మిగులుతుంది.

నవంబరు 11, మంగళవారం

పదకొండు గంటలకు లైట్లు ఆర్పి, గాగుల్స్ పెట్టుకుని, "మానసా, జర ఇటు రా, ఇదేందో చూడు" అన్నాను. గొంతులో ఆశ్చర్యం పలికించాను. రెండుసార్లు ఇంట్లో అనుకుని వచ్చినదే.

ఆమె గాగుల్స్ పెట్టుకుని బొట్టు చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టి తీశాను. ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. నేను గంట తీసుకున్న ఆలోచన ఆమె నాలుగు సెకన్లలో చేసేసింది.

"అక్కా... కుంకుమనా?"

"అనుమానం. తీసి చూద్దాం."

గాజు పలక, చిటికెడు, యాసిటోన్. 590. ఏనుగు వీపు. మానస స్టూలు మీద కూలబడింది. ఏడవలేదు. "రేపు కమిటీ" అంది. తర్వాత, "నువ్వు ఇయ్యాల చూడకపోతే నా బతుకు ఏమయ్యేదో అక్కా" అంది. ఇంకా నా చెయ్యి పట్టుకోబోయింది.

నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకున్నాను కూడా. కానీ ఆమె మౌస్ తీసుకుంది. "సేవ్ చేసి సార్‌కు చూపిద్దాం" అని ఫోల్డరు తెరిచి, కుంకుమ అని పేరు టైప్ చేసింది. ఆ పేరుతో ఇప్పటికే ఒక ఫైలు ఉంది, దాన్ని చెరిపేయమంటారా అని కంప్యూటర్ అడిగింది.

ఆమె పక్కనున్న తేదీ చదివింది. అక్టోబరు 13.

స్క్రీన్ మీద ఆ తేదీకి వేలు ఆనించి నా వైపు తిరిగింది.

"ఇది నువ్వు తీసిందేనా?"

"నేనే."

"సిగ్నల్ ఎందుకు పడిపోతాంది అని నిన్ను అడిగిననాడు నీకెరుకేనా?"

"ఎరుకే."

"నా టైటిల్ మార్చిననాడు?"

తలూపాను.

"మరి నీ పేరు ముందు పెడ్దామని నేను పాత ఫైళ్లన్ని తీసిననాడు..." అని ఆగిపోయింది. ఆ ప్రశ్న పూర్తి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

అప్పుడు చెప్పాను. ఆరేళ్లలో సార్ ఒక్కసారీ నా కోసం కుర్చీలోంచి లేవలేదని, హారతి పళ్లెం నా చేతుల్లోంచి పోయిందని, విరిగిన రాయి నాకు, మంచి రాయి నీకు అని, నీ మీద నాకు కుళ్లు అని, గరిజెలు తింటూ కూడా కుళ్లేనని. అన్నీ చెప్పాను. చెబితే తేలికవుతుందంటారు. ముప్పై మూడేళ్ల మనిషి హారతి పళ్లెం గురించి ఏడవడం నా చెవులకే అసహ్యంగా వినబడింది.

మానస లైటు వేసింది. గాగుల్స్ తుడిచి పెట్టెలో పెట్టింది. కొత్త ఫైలుకు ఈరోజు తేదీ కలిపి వేరే పేరు పెట్టి సేవ్ చేసింది. పాతదాన్ని చెరపలేదు, ముట్టుకోలేదు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

నవంబరు 12, బుధవారం

నిద్ర లేదు. ఈరోజు నా సంగతి అందరికీ తెలుస్తుందని సిద్ధమై వెళ్లాను. ఈయనతో కూడా రాత్రే చెప్పాను. వినేసి, "పోయి కూసో, పారిపోకు" అన్నాడు.

కమిటీ రూములో ఐదుగురు. మానస లేచి నిలబడింది. 590 శిఖరం వజ్రానిది కాదని, పూజలో కుంకుమ అంటిందని గ్రాఫు చూపించింది. ఒకాయన నవ్వారు. సార్ ముఖం నల్లబడింది.

"ఇది ఎవరు కనుక్కున్నారు?" అని బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగారు.

"వినోద మేడం కనుక్కున్నారు సార్" అంది మానస. "మేడం చూడకపోతే నేను ఐదేండ్లు కుంకుమ మీద పని చేసేదాన్ని."

తేదీ చెప్పలేదు. ఎప్పుడు అని ఎవరూ అడగలేదు.

ఆయన నా వైపు తిరిగి, తనకు పేపర్ రావాల్సిన చోట తన చేత్తోనే దాన్ని కొట్టేసే విద్యార్థులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అన్నారు. మిగతావాళ్లు బల్ల మీద చేతులతో తట్టారు. రాజేశ్వర్ రావు సార్ కుర్చీలోంచి లేచారు. నా కోసం. లేచి వచ్చి నా భుజం తట్టి, "ఆరు నెలల ఎక్స్‌టెన్షన్‌కు నేను రాస్తనమ్మా, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నారు.

ఆరేళ్లు దీని కోసమే చూశాను. వచ్చింది. నేల చూస్తూ నిలబడ్డాను, వినయం అనుకున్నారు.

తర్వాత సార్ ఎల్లస్వామిని పిలిచి వచ్చే ఏటి నుంచి పూజ బంద్ అన్నారు. పాపం, తల దించుకుని "తప్పయింది సార్, నేనే పెట్టిన బొట్లు" అన్నాడు. "లేదు సార్, రాయి ముట్టే ట్వీజర్లకు పెట్టింది నేను" అన్నాను. ఆ ఒక్కటీ అనగలిగాను. "సరే సరే, ఎవ్వలైతే ఏంది" అని సార్ నవ్వేశారు. ఇంకొకటి కూడా అనాల్సింది. నోరు తెరిచాను కూడా. అప్పటికే అందరూ టీ కోసం లేచారు.

మానస టైటిల్ పాతదే ఖాయం అయింది. నైట్రోజన్ ఖాళీలు, అయస్కాంతం.

నవంబరు 14, శుక్రవారం

ఫ్యాను బాగుచేసే మనిషి వచ్చాడు, రెండున్నర నెలలకు. రాళ్లు రెండూ ఆసిడ్‌లో మరిగించాం. 590 దగ్గర ఇప్పుడేమీ లేదు, చదునుగా ఉంది. 637 ఎప్పటిలా నిలబడి ఉంది. మైక్రోవేవ్ పెడితే నాలుగో నంబరులో తగ్గుదల ఇంతకుముందు కంటే బాగా వచ్చింది. మానస పుస్తకంలో రాసుకుంది, అదే ముత్యాల దస్తూరి. నాకు చూపించలేదు. అడిగితే చూపించేదేమో, అడగలేదు.

టీ వచ్చింది. ఎల్లస్వామి రెండు గ్లాసులు పెట్టాడు, ఆమె చెప్పిందట.

ఐదింటికి నేను డ్రాయరు సర్దుకుంటుంటే తలుపు దగ్గర నిలబడింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు తెలిసేది, బతిమాలుకునేదాన్ని. చాలా మర్యాదగా ఉంది.

"నేను తాళం వేసిపోత. మీరు బయల్దేరుండ్రి మేడం, మీ బస్సు టైం అయితాంది."